హక్కుల శాఖకు బదిలీ

మా పాత సహోద్యోగి ఒకరు పాత్రికేయ వృత్తిని విడిచి మానవ హక్కుల పరిరక్షణకు పూనుకున్నారన్న శుభవార్తను బెంగళూరు తెలుగువారికి సవినయంగా మనవి చేస్తున్నాను. ఆయనే ఇప్పటికి నాలుగుసార్లు చెప్పుకున్నారు గనుక ఇది ఐదవసారి. కొత్త విజిటింగ్ కార్డు మీద పేరు కింద ‘గొంతు లేనివారి గొంతు’ అని అచ్చు వేయించారు. ఆ గొంతులు ఎక్కడ పోయాయో, డెస్కులో ఇరవై ఏళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్న నాకు కొంత తెలుసు.

డిసెంబరు 10న, అంటే 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించిన తేదీన, ఎం.జి. రోడ్డు దగ్గర ఒక నక్షత్రాల హోటల్లో పారిశుద్ధ్య కార్మికుల ఆత్మగౌరవం గురించి ఆయన సదస్సు జరిపారు. వేదిక మీదికి ఒక పౌరకార్మికురాలిని పిలిచారు. ఈ నగరం వీధులు ఊడ్చేవారిలో చాలామందిలాగే ఆమెదీ తెలుగే. ఆమె తెలుగులో మాట్లాడుతుంటే అద్దాల గదిలోని దుబాసీ ఇంగ్లీషులో చెబుతున్నాడు. మదనపల్లెలో పుట్టి, తెలుగు పత్రిక జీతంతో ఇల్లు కట్టుకున్న మా మిత్రుడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆ తెలుగును ఇంగ్లీషులో విన్నారు. “మా ఇంటాయన మ్యాన్‌హోల్లో దిగి సచ్చిపోయినాడు” అని ఆమె అనగానే బిస్కెట్ల పళ్లెం పట్టుకున్న హోటలు కుర్రాడు నిలబడిపోయాడు. మా మిత్రుని తల మాత్రం దుబాసీ ఆ వాక్యం ముగించాకే, అంత ఆలస్యంగానూ, అంత బాధగానూ వంగింది. తరువాత ఫొటో కోసం ఆమెకు సరికొత్త రబ్బరు గ్లౌజులు తొడిగారు. ఫొటో అయ్యాక వాటిని విప్పించి మళ్లీ పెట్టెలో సర్దారు.

రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించిందనీ, మరణించినవారి కుటుంబానికి ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించి 2023లో 30 లక్షలకు పెంచిందనీ ఆయన కరపత్రంలో చక్కగా ఉంది. ఇదే వార్త డెస్కుకు వచ్చిన రాత్రుళ్లు ఆయన “ఫొటో లేదా? అయితే రెండు లైన్లు చాలు” అనేవారు. ముందు కాంట్రాక్టరు పేరు పోయేది, ఎందుకంటే పుట్టినరోజుకు ఆ కాంట్రాక్టరు అర పేజీ ప్రకటన ఇచ్చేవాడు. తరువాత చచ్చినవాళ్ల పేర్లు కూడా పోయేవి. “ఊపిరాడక ఇద్దరి మృతి”, అంతే! ఆ ఇద్దరికీ తల్లిదండ్రులు పెట్టిన పేర్లు లేవా? ఒక్క లైనుకు కూడా చోటు లేకపోయిందా? ఆయన చెప్పారు, నేను కొట్టేశాను.

2017 సెప్టెంబరు 5న ఇదే నగరంలో, రాజరాజేశ్వరి నగర్‌లోని తన ఇంటి దగ్గరే హంతకుల తూటాలకు బలైన గౌరీ లంకేశ్ చివరిదాకా పత్రిక నడుపుతూనే హక్కుల కోసం వీధిలో నిలబడ్డారు. సదస్సులో ఆమె పేరిట ఆయన ఒక నిమిషం మౌనం పాటింపజేశారు. మౌనంలో ఆయన అనుభవం తక్కువేమీ కాదు.

శాలువా కప్పి పంపుతున్నప్పుడు ఆ పౌరకార్మికురాలు ఆయననే అడిగింది: “ఈ పొద్దు పనికి పోలేదని కూలి కోస్తారు సార్, అది ఎవురిస్తారు?”

హెడ్‌ఫోను అప్పటికే తిరిగి ఇచ్చేశారు గనుక, ఆయన దుబాసీ కోసం అటూ ఇటూ చూశారు.