ఎలపటెద్దు పేరేంది?

నిన్న సాయంత్రం నాలుగున్నరకు ఇంటర్నల్ మార్కులు ఎక్కిద్దామని కూర్చున్నానో లేదో, 90 రోజులు నిండాయి, పాస్‌వర్డ్ మార్చమని స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు. ఐదింటికి పోర్టల్ మూసేస్తారు. వెనకటి నాలుగు పాస్‌వర్డులు మళ్లీ వాడకూడదు. నేనేమో ఇన్నాళ్లూ ప్రాజెక్టుల పేర్లు, పక్కన వాటి నిండు నీటిమట్టం పెట్టుకొని నెట్టుకొస్తున్నా: సాగర్590, శ్రీశైలం885, మూసీ645, జూరాల1045. నాకు ప్రాజెక్టులు అయిపోయాయి.

ఏదో కొట్టా, లాక్ అయింది. కంప్యూటర్ సెక్షన్‌కు ఉరికితే అక్కడి తమ్ముడు తలెత్తకుండానే "ఓటీపీ పోయింది, చెప్పండి సార్" అన్నాడు. పోయింది ఎక్కడికి? దేవరకొండ అవతల బత్తాయి తోటలో ఉన్న మా నాయిన ఫోన్‌కు. అకౌంట్ తెరిచినప్పటి సిమ్ ఇప్పుడు ఆయన దగ్గరుంది. నంబర్ మార్చమని రెండు దరఖాస్తులు ఇచ్చా, ఏ ఫైల్లో నిద్రపోతున్నాయో. నా ఫోన్ చార్జింగ్ కూడా అప్పుడే అయిపోవాలా, సెక్షన్ ల్యాండ్‌లైన్ నుంచి చేశా.

"నాయినా, మెసేజ్‌ల ఆరు అంకెలొచ్చినయ్, చదువు."

"ఎవరు నువ్వు?"

"నీ కొడుకుని."

"అందరు గట్లనే అంటరు."

తప్పు నాదే. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు, ఓటీపీ కన్నకొడుకు అడిగినా చెప్పొద్దని గంటసేపు క్లాసు పీకింది నేనే. కన్నకొడుకు అన్న మాట ఊపులో వచ్చింది.

"నా కొడుకువే అయితే మన ఎలపటెద్దు పేరేంది?"

కాడికి కుడివైపు కట్టేది ఎలపటెద్దు, ఎడమవైపుది దాపటిది. ఆ జతను అమ్మేసే నాటికి నాకు పదేళ్లు. సెక్షన్ మొత్తం పని ఆపి నన్నే చూస్తోంది. సెమిస్టర్ మొత్తంలో వాళ్లు ఒక లెక్చరర్ మాటను ఇంత శ్రద్ధగా విన్నది అదే మొదలు. అటెండర్ దగ్గరికొచ్చి, "రాముడనుండ్రి సార్, సగం ఎద్దులు రాముళ్లే" అని గుసగుస.

"రాముడు, నాయినా!"

"రాముడు దాపటిది. దొంగ నా కొడకా, పెట్టెయ్ ఫోన్."

కొడుకునని ఒప్పుకున్నట్టా, కాదా?

కోపం తమ్ముడి మీద తీర్చుకున్నా. పాస్‌వర్డులు తరచూ మార్చమని 2003లో అమెరికా ప్రభుత్వం తరఫున రాసిన బిల్ బర్ అనే ఆయనే 2017లో తప్పు చేశానని బాధపడ్డాడు, ఈ గడువు ఊరికే పెట్టొద్దని అక్కడి ప్రమాణాల సంస్థ కూడా అదే ఏడాది చెప్పింది, 2019లో మైక్రోసాఫ్ట్ సైతం తన సూచనల్లోంచి దాన్ని తీసేసింది, మీరు ఇంకా మాతో మూణ్నెల్లకోసారి ఈ జాతర చేయిస్తున్నారు అన్నా. అంతా విని, "మాకు సర్క్యులర్ రాలేదు సార్" అన్నాడు.

మార్కుల సంగతి అడక్కండి.

రాత్రి ఫోన్ ఆన్ చేయగానే నాయిన.

"ఎవడో అచ్చం నీ గొంతు పెట్టి ఫోన్ చేసిండురా. ఎద్దు పేరు అడిగితే దొరికిపోయిండు."

"మంచిగ చేసినవ్ నాయినా. ఇంతకూ ఎలపటెద్దు పేరేంది?"

"గసొంటివి ఫోన్‌ల చెప్పొద్దన్నవ్ గదరా" అని పెట్టేశాడు.