హిజ్రాలు, స్వలింగ ప్రేమికులు విదేశాల నుంచి వచ్చారా?

‘ట్రాన్స్‌జెండర్లు, స్వలింగ ప్రేమలు మన సంస్కృతిలో లేవు. పాశ్చాత్యుల నుంచి వచ్చాయి. సిటీ కుర్రాళ్లు ఓటీటీలు చూసి చెడిపోతున్నారు. మంచి డాక్టరుకు చూపిస్తే తగ్గిపోతుంది.’ వాట్సాప్ గ్రూపుల్లో ఎడతెగకుండా తిరుగుతున్న మాటలివి. చదువుకున్నవాళ్లే ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి ఒక్కోదానికీ జవాబు చెప్పాలి.

‘మన సంస్కృతిలో లేవు’ అనేది మొదటిది. విరాటపర్వం తెలుగు చేసిన తిక్కన బృహన్నలను దాచిపెట్టలేదు. బోనాల ఊరేగింపులో పూనకంతో ఆడే శివసత్తుల్లో ట్రాన్స్ మహిళలున్నారు. మగవాళ్లుగా పుట్టి, ఎల్లమ్మకు అంకితమై ఆడవాళ్లలా బతికే జోగప్పలు కర్ణాటకలోనే కాదు, మన వైపూ ఉన్నారు. పండగనాడు కాళ్లు మొక్కినవాళ్లే మర్నాడు ఇల్లు అద్దెకివ్వరన్నది నిజమే. కానీ వాళ్లు ఇక్కడివాళ్లు కారనడం మాత్రం అబద్ధం.

‘పాశ్చాత్యుల నుంచి వచ్చింది’ అనేది రెండోది. అక్కడి నుంచి వచ్చింది శిక్ష. 1860లో బ్రిటిష్ పాలకులు ఐపీసీలో (భారత శిక్షాస్మృతిలో) 377వ సెక్షన్ పెట్టి, స్వలింగ కలయికకు ‘ప్రకృతి విరుద్ధం’ అని ముద్ర వేసి, యావజ్జీవం దాకా జైలన్నారు. 1871 నేరస్థ తెగల చట్టంతో హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. నిజాం ప్రభుత్వమూ అదే బాట పట్టి నిజాం కాలపు ఫస్లీ లెక్కలో 1329లో, అంటే 1919లో, ఒక చట్టం చేసింది. రిజిస్టరులో పేరున్న హిజ్రా ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడిపాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు. చీర కట్టినందుకు! తెలంగాణ వచ్చాక కూడా ఈ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2023 జులైలో హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఇంగ్లండు తన గడ్డ మీద 1967లోనే, 21 ఏళ్లు దాటిన మగవాళ్లు ఇష్టపడి ఏకాంతంలో కలిస్తే నేరం కాదని చట్టం మార్చుకుంది. మనకు మాత్రం 2018 సెప్టెంబరు 6న అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆ భయం పోలేదు. ఏది సహజం, ఏది కాదు అని ఎవరు, ఎప్పుడు, ఎవరిని అదుపులో పెట్టడానికి నిర్ణయించారు? సమాజశాస్త్రం అడిగే ఈ ప్రశ్న వేసుకుంటే ఆ మెసేజ్ నిలవదు.

సిటీ కుర్రాళ్లు, ఓటీటీలు అన్నదానికి జవాబు చిన్నదే. స్త్రీ, పురుషుడు కాక ‘ఇతరులు’ అని నమోదు చేసుకునే వీలు మొదటిసారి 2011 జనగణనలో వచ్చింది. దేశమంతటా దాదాపు 4.88 లక్షల మంది అలా నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43 వేలు దాటారు. అప్పటికి ఓటీటీలు మన ఇళ్లకు రానేలేదు.

ఇక వైద్యం. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు దీన్ని నమ్మి పిల్లల్ని లాక్కెళ్తారు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మందులతోనో, కౌన్సెలింగ్ పేరుతోనో ఎవరినైనా ‘మార్చే’ చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. మీ పిల్లల్ని మార్చేస్తానని ఏ డాక్టరైనా డబ్బు అడిగితే, ఆ డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి.