టీచర్లకి ఆటలోకం నేర్పాలా? అమ్మనీ పిల్లాణ్ణీ కలిపి పిలవండి

వర్చువల్ వరల్డ్స్, అంటే కంప్యూటర్ ఆటల్లోని లోకాల మీద టీచర్లకి ట్రైనింగ్ అనగానే ఎవరో ఒక కంపెనీ మనిషి స్లైడ్లతో దిగిపోతాడు. మెటావర్స్ అంటాడు, భవిష్యత్తంతా ఇదే అంటాడు, నాలుగు వీడియోలు వేసి సంతకాలు తీసుకుని వెళ్ళిపోతాడు. మర్నాడు క్లాసులో ఏం చెయ్యాలో ఎవరికీ అర్థం కాదు. ఈ పని రోజూ ఆ లోకంలో తిరిగే పిల్లలకీ, పక్కన కూర్చునే అమ్మకో నాన్నకో కలిపి అప్పజెప్పాలని గట్టిగా అంటున్నాను.

మా కోనసీమలో చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే ఒక స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో నేనూ, పదో తరగతి చదివే మా అబ్బాయీ కలిసి బ్లాకులు పేర్చి లోకాలు కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆట గురించి చెప్పాం. అక్కడ చూసిందే రాస్తున్నాను.

మావాడు తెర మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు, దిగువన కాలవ, గట్టు పక్కన చేలు. సోషల్ మేడమ్ గారు వెంటనే పట్టుకున్నారు, కాటన్ దొర 1852లో పూర్తిచేసింది ఇది కాదు, ఇది 1982లో పూర్తయిన 175 గేట్ల బ్యారేజీ అని. ఆవిడ చెబుతుంటే మావాడు బుద్ధిగా రాసుకున్నాడు.

తర్వాత కాలవ వదిలాడు. చివరి చేను ఎండిపోయింది. ఆ ఆటలో చదును నేల మీద నీళ్ళు ఊట నుంచి ఏడు బ్లాకులే పారతాయి, నీటికి నాలుగు బ్లాకుల దూరం దాకానే చేను తడుస్తుంది. ఏం చెయ్యాలి బాబూ అని ఒక మేష్టారు అడిగితే, ఇంకో బకెట్ పోస్తే సరి సార్ అన్నాడు. ఆ ఆటలో ఓ గుంటలో రెండు బకెట్లు సరైన చోట పోస్తే ఎన్ని తోడినా నీళ్ళు తరగవు.

అప్పుడు లెక్కల మేష్టారు ఒకాయన లేచారు. ఆయనది శివారు పొలం. "దాళ్వా పంటకి వంతుల వారీ నీళ్ళిస్తే మా బోదె కాలవకి వచ్చేసరికి మడి బీటలు తీస్తుంది. తరగని గుంట మాకెక్కడిది బాబూ?" అన్నారు. మావాడు కాసేపు ఆలోచించి, "అయితే బకెట్లు బంద్ చేద్దాం సార్, ఊట ఒక్కటే ఉంచుదాం" అన్నాడు. ఎగువ చేను వాళ్ళు ఎంత వాడుకోవాలి, శివారుకి ఎన్ని రోజులు వదలాలి అని టీచర్లు జట్లుగా కూర్చుని వాదించుకున్నారు. ఆట ఎక్కడ నిజానికి దూరమో పట్టుకోవడమే అక్కడ పాఠమైంది. ఏ స్లైడూ ఆ పని చెయ్యలేదు.

మరి అమ్మ ఎందుకంటారా? పిల్లలకి తొందరెక్కువ. ఎదుటివాళ్ళు తడబడితే "ఇటివ్వండి నేను నొక్కేస్తా" అని మౌస్ లాక్కుంటారు. చెయ్యి వెయ్యొద్దు, నోటితోనే చెప్పు అని నేను ముందే అన్నాను. తెలుగు మేడమ్ గారు నెమ్మదిగా, తనంతట తనే గుమ్మం ఉన్న ఇల్లు కట్టారు. ఆ తృప్తి ఆవిడ మొహంలో చూడాలి.

ఒక టీచరు గారు అడిగారు, చాట్‌లో ఎవడైనా పాడుగా మాట్లాడితే పిల్లలు ఇంట్లో ఎందుకు చెప్పరని. మావాడు తడుముకోకుండా అన్నాడు: "చెప్తే ముందు మా ఫోన్ లాక్కుంటారండి. వాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు." నేను ఎంత చెప్పినా అంత సూటిగా తగిలేది కాదు. ఆ తర్వాతే చాట్ ఎలా ఆపాలి, ఆటలో మన లోకంలోకి ఎవరిని రానివ్వాలి, కొనుగోళ్ళకి తాళం ఎలా వెయ్యాలి అన్నీ నేను చూపించాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. లోపలేముందో తెలియని అమ్మానాన్నలు ఏం చూసి అనుమతిస్తారు?

డబ్బులెక్కడివి అనకండి. మైన్‌క్రాఫ్ట్ లాంటిదే, 2024లో లువాంటిగా పేరు మారిన మైన్‌టెస్ట్ ఉచితం. ఒక ల్యాప్‌టాప్‌ని సర్వర్‌గా పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకుండానే గదిలో అందరూ ఆడొచ్చు.

ఇరవై ఏళ్ళ సర్వీసున్న మాకు ఈ కుర్రాడు నేర్పేదేంటి అని గొణిగినవాళ్ళూ ఉన్నారు. పాఠం ఎలా చెప్పాలో వాడు నేర్పలేదు, అది మీ విద్య. మీ పిల్లలు సాయంత్రాలు ఎక్కడ తిరుగుతున్నారో ఆ ఊరు చూపించాడు, అంతే.

వచ్చే మీటింగులో ఒక పూట సమయం ఇవ్వండి. ఒక్కో మండలం నుంచి ఇలా ఒక పిల్లాణ్ణో పిల్లనో, అమ్మనో నాన్ననో కలిపి పిలవండి, పిల్లలకి భోజనం, బస్సు చార్జీలు ఇవ్వండి. మొన్న రిజిస్టర్లో రిసోర్స్ పర్సన్ అని నా పేరొక్కటే రాశారు. ఈసారి పిల్లల పేర్లు కూడా రాయండి.