ముందు గొయ్యి దొరకనివ్వండి

కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో, మహోన్ బే అనే అఖాతంలో ఓక్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. విస్తీర్ణం సుమారు 140 ఎకరాలు. 1795 నుంచి అక్కడ నిధి కోసం తవ్వుతున్నారనీ, అది ఇంకా దొరకలేదనీ అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. నిధి ఉందని చెప్పే ఆ అసలు గొయ్యి ఎక్కడుందో కూడా ఇప్పుడు కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు లేరు. నిధిని పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. గొయ్యిని పోగొట్టుకున్న ఘనత మాత్రం ఈ దీవిదే.

కాబట్టి ఈ విషయంలో ఏడాది పాటు దీక్ష పట్టదలచినవారి సౌకర్యార్థం కొన్ని నియమాలు మనవి చేస్తున్నాం. ఏడాదే ఎందుకంటే, అంతకు తక్కువైతే జబ్బు ముదరదు, ఎక్కువైతే సాధకుడు తవ్వకం కంపెనీల వాటాలు కొనేస్తాడు.

మొదటి నెలంతా కథాపారాయణం. 1795లో డేనియల్ మెక్‌గినిస్ అనే కుర్రవాడికి ఆ దీవిలో నేల గుండ్రంగా కుంగిన చోటొకటి కనిపించింది. ఇద్దరు మిత్రులను వెంటేసుకొచ్చి తవ్వాడు. రెండడుగుల్లో పరచిన రాళ్లు, ఆ కింద ప్రతి పదడుగులకూ ఒక దుంగల వరస. 30 అడుగుల దగ్గర ముగ్గురూ చాలించారు. 1804 ప్రాంతంలో ఆన్‌స్లో కంపెనీ అనే బృందం వచ్చి 90 అడుగుల దాకా దిగింది. దారిలో బొగ్గు, లప్పం, కొబ్బరి పీచు, అడుగున ఏవో గుర్తులు చెక్కిన రాతిపలక. తెల్లవారి చూస్తే గోతిలో 60 అడుగుల నీళ్లు. ఇదంతా నిద్రలో లేపి అడిగినా నోటికి రావాలి. అడుగుల్లోనే రావాలి సుమా. ‘తొంభై అడుగుల లోతు’ అన్నప్పుడు పుట్టే గగుర్పాటు ‘27.4 మీటర్లు’ అంటే పుట్టదు.

ఈ కథ అచ్చులోకి ఎక్కింది 1850ల్లోనే. అంటే జరిగిందన్న అరవై ఏళ్లకు. ఇక్కడ తర్కశాస్త్రం చదివినవాళ్లు ప్రమాణాలేవని అడుగుతారు. ప్రత్యక్షం అడక్కండి, గొయ్యే లేదు. శబ్దప్రమాణం అంటే ఆప్తవాక్యం. ఇక్కడి ఆప్తుల్లో ఎక్కువమంది తవ్వకం కంపెనీల వాటాలు అమ్మినవాళ్లు. మిగిలింది అనుమానం, అంటే ఆనవాళ్లను బట్టి నిర్ణయించడం. ఆ మాటకు మన వాడుకలో ఉన్న రెండో అర్థాన్ని దీక్షాకాలంలో తలవకూడదు.

రాతిపలక సంగతి విడిగా చెప్పుకోవాలి. అది మొదట మెక్‌గినిస్ మిత్రుల్లో ఒకడైన జాన్ స్మిత్ ఇంటి పొగగూటిలో కుదురుకుందనీ, తర్వాత హాలిఫాక్స్‌లోని ఒక పుస్తకాల బైండింగ్ దుకాణానికి చేరిందనీ చెబుతారు. అక్కడ దాని మీద తోలు పరిచి సుత్తితో బాదేవారట. ప్రపంచంలోనే అతి రహస్యమైన శాసనానికి దొరికిన ఉద్యోగం అది. అక్షరాలు అరిగిపోయాయి, ఆ తర్వాత పలకే కనబడకుండా పోయింది. ఇప్పుడు అందరూ చూపించే గుర్తుల బొమ్మ 1951లో అచ్చయింది. దాని భావం, ‘నలభై అడుగుల కింద ఇరవై లక్షల పౌండ్లు పాతిపెట్టి ఉన్నాయి.’ ఇంగ్లీషులో 39 అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు, బడిపిల్లలు చీటీల్లో రాసుకునే రకం. దొంగసొత్తు దాచినవాడు దాని నెత్తిన లోతు, విలువ రాసి, తలుపు కొట్టి మరీ పిలిచాడన్నమాట. ఇలాంటి ఆలోచన వచ్చిన సాధకుడు ఆ రోజు ఒంటిపూట భోజనం చేసి ప్రాయశ్చిత్తం చేసుకోవాలి.

ఇక నీళ్లు. దీక్షలో సగం కాలం దీనికే పోతుంది, పోవాలి కూడా.

ప్రామాణిక సిద్ధాంతం ఇది: సముద్రపు దొంగలు స్మిత్స్ కోవ్ అనే తీరం నుంచి గోతికి సొరంగం తవ్వారు. తీరంలో రాతి కాలువలు కట్టి, వాటి మీద కొబ్బరి పీచు పరిచి, ఇసుక దిగకుండా నీళ్లు మాత్రం దిగేలా ఏర్పాటు చేశారు. ఎవరైనా 90 అడుగులు దాటితే సముద్రం వచ్చి గోతిలో పడుతుంది. 1850లో ట్రూరో అనే ఇంకో తవ్వకం కంపెనీవాళ్లు ఆ తీరంలో పీచునూ కాలువలనూ చూశామన్నారు. పీచుకు కార్బన్ పరీక్ష చేస్తే 13, 14 శతాబ్దాల కాలమని తేలింది. 1312లో రద్దయిన టెంప్లర్లనే క్రైస్తవ యోధుల సంఘం ఆ తేదీ దగ్గరలోనే ఉంది గనక, వెంటనే వాళ్లు ఓడ ఎక్కేశారు. కార్బన్ పరీక్ష ఆ కొబ్బరికాయ ఎప్పటిదో చెబుతుంది గానీ, పీచును అక్కడ ఎవరు, ఎప్పుడు పరిచారో చెప్పదు. ఓడల్లో సరుకుల మధ్య మెత్తగా కుక్కడానికి పీచు వాడటం మామూలే. కొబ్బరి పీచును చూసి నోరు తెరవడం తెలుగువాడికి కాస్త కష్టం. అయినా సాధన చేస్తే వస్తుంది.

పూర్వపక్షం కూడా విని ఉంచండి, ఖండించడానికి పనికొస్తుంది. దీవి తూర్పు భాగం హిమానీనదాలు వదిలిపోయిన మట్టి, రాళ్ల గుట్ట. దాని కింద సున్నపురాయి, అన్‌హైడ్రైట్, జిప్సం. ఇవి నీటికి కరిగే రాళ్లు. కరిగితే కింద గుహలు, పైన నేల కుంగిన గుంతలు ఏర్పడతాయి. 1878లో దున్నుతుండగా ఎద్దుల కాళ్ల కింద నేల కుంగిపోయి ఇంకో గొయ్యి తేలింది. దాన్ని ఎవరు తవ్వి దాచారో ఎద్దులు చెప్పలేదు. 1995లో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవాళ్లు వచ్చి రంగునీళ్ల పరీక్షలు చేసి, దీవి అడుగున ఉండే మంచినీటి పొరకూ సముద్రపు పోటుపాటులకూ మధ్య సహజంగా జరిగే ఒత్తిడి వల్లే గొయ్యి నిండుతూ ఉండవచ్చన్నారు. అంతకుముందు 1898లోనూ గోతిలో ఎర్రరంగు పోశారు. అది దక్షిణ తీరాన మూడు చోట్ల బయటపడింది. సామాన్యుడు దీన్ని చూసి ‘నేల జల్లెడలా ఉంది’ అనుకుంటాడు. సాధకుడు ‘మూడు సొరంగాలు’ అని రాసుకుంటాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. గోతిలో నీళ్లు పైనుంచి సుమారు 33 అడుగుల దగ్గర నిలిచాయి, అంటే దాదాపు సముద్రమట్టంలో. నేల మీద కూర్చోబెట్టిన పంపు నీటిని పీల్చగలిగే ఎత్తు, వాతావరణ పీడనం లెక్కన, 34 అడుగులకు మించదు. వాల్వులు కారడం, గొట్టాల్లో రాపిడి పోను 25 అడుగులు దక్కితే అదృష్టం. అందుకని పంపును గోతిలోకి దింపాలి. దింపాక అది తోడేది గోతిలో నీళ్లను కాదు, అట్లాంటిక్ మహాసముద్రాన్ని. పోనీ, పక్కన 110 అడుగుల గొయ్యి తవ్వి, అడుగు నుంచి అడ్డంగా నిధి కిందికి పోదామంటారా? ఆ ఆలోచన మొదటి కంపెనీకే వచ్చింది. 60 అడుగుల నీటిమట్టం అడుగున ప్రతి చదరపు అడుగు మీదా సుమారు 1,700 కిలోల బరువు తోస్తూ ఉంటుంది. రెండు గోతుల మధ్య నానిన మట్టి రెండడుగులే మిగిలిన క్షణాన ఏం జరుగుతుందో వాళ్లు పరుగెత్తుతూ నేర్చుకున్నారు. దాంతో నీళ్లున్న గోతులు రెండయ్యాయి. తర్వాతి కంపెనీ మూడోది తవ్వింది. నీటికి దారులు వేసిపెట్టిన మహానుభావులెవరన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

1849లో ట్రూరోవారు తెలివిగా తవ్వడం మాని బర్మా అనే తొలుపు పరికరంతో తొలిచారు. 98 అడుగుల దగ్గర 5 అంగుళాల చెక్క, 12 అంగుళాల ఖాళీ, 4 అంగుళాల ఓక్ చెక్క, 22 అంగుళాల వదులు లోహం ముక్కలు, మళ్లీ చెక్క, మళ్లీ లోహం. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టెలని తీర్మానం. ఆ రకం బర్మా బంకమట్టిని పట్టి పైకి తెస్తుంది, విడి నాణేలను జారవిడుస్తుంది. పైకి వచ్చినవి గొలుసు ముక్కలోని మూడు బంగారు లింకులట. బర్మా కొసన అంటుకున్నదేదో మేస్త్రీ ఒకాయన జేబులో వేసుకున్నాడని కూడా అంటారు. నిజమైతే, రెండు శతాబ్దాల పైచిలుకు చరిత్రలో లాభపడ్డ వ్యక్తి ఆయనొక్కడే. విగ్రహం పెట్టకపోవడం అన్యాయం.

నాలుగో నెల వచ్చేసరికి సాధకుడికి సొంత సిద్ధాంతం ఉండి తీరాలి. కెప్టెన్ కిడ్ అనే సముద్రపు దొంగ బాగానే ఉంటాడు గానీ, ఆయన పాతిపెట్టినట్టు రుజువున్న సొత్తు న్యూయార్క్ దగ్గర గార్డినర్స్ ఐలాండ్‌లోది. 1699లో పాతాడు, ఆ ఏడే అధికారులు తవ్వి పట్టుకుపోయారు. అంత సులువుగా దొరికేలా పాతినవాడు మన ప్రమాణాలకు తగడు. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ నగలు, షేక్‌స్పియర్ పేరుతో ఫ్రాన్సిస్ బేకన్ రాశాడంటున్న రాతప్రతులు, టెంప్లర్ల ధనం, ఏదైనా ఎంచుకోవచ్చు. 1897లో 153 అడుగుల లోతు నుంచి వచ్చిన తోలుకాగితం పేలిక మీద రెండక్షరాలు కనిపించాయి. మీ సిద్ధాంతం ఏదైనా సరే, ఆ రెండక్షరాలు అందులో తప్పక ఉంటాయి.

తర్వాత పటం మీద గీతలు. దీవిలో బండలు, చెట్లు, పాత గోతులు కలిపి ఇరవై బిందువులు తీసుకోండి. రెండేసి కలిపితే 190 గీతలు వస్తాయి. దిక్కులున్నది 180 డిగ్రీలే. అంటే సగటున డిగ్రీకొక గీత మీ చేతిలో ఉంది. అది రోమ్ వైపు చూపాలంటే చూపుతుంది, జెరూసలేం వైపంటే అటూ చూపుతుంది. గిల్బర్ట్ హెడెన్ అనే ఆసామి 1930ల్లో దీవిలో ఒక భాగం కొని తవ్వించాడు. ఒక పుస్తకంలో అచ్చయిన కిడ్ పటం కొలతలు దీవిలోని తొలిచిన రాళ్లకు, త్రికోణంగా పేర్చిన రాళ్లకు సరిపోయాయని తేల్చి, 1937లో ఇంగ్లండ్ వెళ్లి రచయితనే కలిశాడు. పటం నా ఊహలోంచి గీసిందేనని రచయిత ఒప్పుకున్నాడు. కొలతలు సరిపోవడం మాత్రం ఆగలేదు.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. చేతి మెటల్ డిటెక్టర్‌కు నాణెం కనిపించేది జానెడు, మహా అయితే మూరెడు లోతులో. భూమిలోకి రాడార్ తరంగాలు పంపే యంత్రం ఉప్పునీరు, బంకమట్టి తగలగానే గుడ్డిదవుతుంది. ఇక్కడ ఉన్నవి ఆ రెండే.

ఒక్క విషయంలో మాత్రం హాస్యం పనికిరాదు. 1965 ఆగస్టు 17న రాబర్ట్ రెస్టాల్ ఒక గోతిలో విషవాయువుకు స్పృహ తప్పి పడ్డాడు. కాపాడబోయి కొడుకు దిగాడు, అతని వెనక ఇంకో ఇద్దరు. నలుగురూ పోయారు. గోతుల్లో గాలిని పరీక్షించకుండా దిగకూడదు, పడ్డవాడి కోసం తాడూ గాలిమాస్కూ లేకుండా అసలే దిగకూడదు. 1861లో బాయిలర్ పేలి ఒకరు, 1897లో పైకి లాగుతుండగా జారి ఇంకొకరు, మొత్తం ఆరుగురు. ఏడుగురు పోతేగానీ నిధి దొరకదని ప్రచారం ఉంది. దాన్ని ఉత్సాహంగా చెప్పేవాళ్ల దగ్గర కూర్చోకండి.

ఆ ఏడాదే రాబర్ట్ డన్‌ఫీల్డ్ రంగంలోకి దిగాడు. 70 టన్నుల తవ్వకం క్రేన్ తేవడానికి 200 మీటర్ల సముద్రం మీద గట్టు కట్టించి, అసలు గొయ్యి ఉందనుకున్న చోట 134 అడుగుల లోతు, 100 అడుగుల వెడల్పున తవ్వేశాడు. రాతిపలక ప్రకారం నిధి ఉండాల్సింది 90కి 40 కలిపితే 130 అడుగుల దగ్గర. ఏమీ లేదు. నిధి లేదని తేలిందా? తేలలేదు. ఆయన తప్పు చోట తవ్వాడని తేలింది. పైగా ఆ బావి అంచులు కూలి, మట్టి తిరిగి పోసి, అంతకుముందున్న గోతుల ఆనవాళ్లన్నీ కలగాపులగమయ్యాయి. గొయ్యి పోయింది ఇలాగే.

దీక్ష ఫలించేది ఇక్కడి నుంచే. 1931లో విలియం చాపెల్ 127 అడుగుల లోతులో గొడ్డలి, లంగరు ముక్క, గునపం తీశాడు. అప్పటికే అక్కడ పాత కంపెనీల చెత్త ఎంత పేరుకుందంటే, ఆ గునపం ఎవరిదో చెప్పడం అసాధ్యమైంది. ఇప్పుడు డ్రిల్లుతో తొలిస్తే చెక్క వస్తుంది. రాక ఏం చేస్తుంది? ఒక్కో కంపెనీ గోడలు కూలకుండా దుంగలతో అడ్డుకట్లు కట్టి, నీళ్లు రాగానే వదిలేసి పారిపోయింది. ఆ దుంగ నడిబొడ్డు నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే, చెట్టు నరికిన తేదీ రాదు, లోపలి వలయం పెరిగిన తేదీ వస్తుంది. నూరేళ్ల చెట్టయితే నూరేళ్లు వెనక్కి. 1860ల కూలీ నిలబెట్టిన దుంగ ఆ విధంగా 1760లకు చేరి, వెతికేవాళ్ల కంటే ముందే పుట్టి, నిధికి సాక్ష్యమవుతుంది. బెరడు అంచున్న ముక్కే కావాలని అడిగేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. వాణ్ని తర్వాతి సమావేశానికి పిలవరు.

2014 నుంచి ఇదంతా టీవీలో ధారావాహికగా వస్తోంది గనక, భాష కూడా నేర్చుకోవాలి. అందులో క్రియలన్నీ ‘కావచ్చా?’ దగ్గర ఆగుతాయి. ఇది స్పానిష్ మేకు కావచ్చా? ఇది మేకు కావచ్చా? ఇది ఇనుము కావచ్చా? ప్రకటనల తర్వాత జవాబు: కావచ్చు.

స్వయంగా వెళ్లి తవ్వుదామనుకుంటే మానుకోండి. దీవి ప్రైవేటు భూమి, పైగా 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఓక్ ఐలాండ్ ట్రెజర్ యాక్ట్ కింద లైసెన్సు కావాలి. ఒక సముద్రపు గోతి కోసం శాసనసభ ప్రత్యేక చట్టం చేసిందంటేనే లోపల ఏదో ఉండి ఉండాలని, పన్నెండో నెలలో ఉన్న సాధకుడికి వేరే చెప్పక్కర్లేదు.

లైసెన్సు ఉన్నవారికి ఒక సూచన. 150 అడుగుల దగ్గర డ్రిల్లు ముక్క విరిగిపోతే తీయడానికి అవస్థ పడకండి. దాని మీద కంపెనీ పేరూ నంబరూ ఉంటే మాత్రం ముందే గీకేయండి.