పులస, కోజ, సంతకం పెట్టిన బ్యాటు

మా బావకి క్రికెట్ మీద ప్రేమ కార్తీకమాసంలో పుట్టింది. అప్పటిదాకా ఆయనకి తెలిసిన కౌంటల్లా రొయ్యల కౌంటే, కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. 2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోనీ ఆడిన బ్యాటు లండన్ వేలంలో లక్ష పౌండ్లు పలికిందన్న కబురు ఆయన ఫోన్‌కి కాస్త ఆలస్యంగా చేరింది. ఆ వేలం దానధర్మాల కోసం పెట్టారన్న ముక్క అసలు చేరనే లేదు.

వెంటనే ఆన్‌లైన్ వేలంలో ఒక కుర్ర ఆటగాడి సంతకం ఉన్న బ్యాటు పాడుకున్నాడు. పాట 40 వేలు. దాని మీద వేలం సంస్థ కమిషను, కమిషను మీద పన్ను, కొరియరు. భీమవరం చేరేసరికి 50 దాటింది. సంతకం అసలైనదేనని ఒక కాగితం కూడా వచ్చింది. ఇచ్చింది అమ్మినవాళ్లే.

"సంక్రాంతికి లక్షరా. చూస్తా ఉండు" అన్నాడు.

నవ్వకండి. ఇది డెల్టా పరువు సంగతి. ఆటల జ్ఞాపికలు అమ్ముకోవడం దొరలు కనిపెట్టిన విద్య అని లోకం అనుకుంటోంది. బరిలో ఓడి చచ్చిన కోడిని, అంటే కోజని, గెలిచినవాడు అక్కడికక్కడే వేలకి వేలు పెట్టి అమ్మడం మన దగ్గర ఎన్నాళ్లుగా లేదు? (కోర్టులు వద్దన్న ఆట కాబట్టి నేను చూశానని చెప్పను.) దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, ఊరంతా సాక్ష్యం. అద్దాల బీరువా అక్కర్లేదు, సాయంత్రానికి కూరైపోతుంది. యానాం రేవులో పులస పాడుకున్నవాళ్లు గంట తిరక్కుండా రెండు వేలు పైన వేసుకుని అమ్మేస్తారు. అందులో తప్పేముంది? చేప ఆగదు.

బ్యాటు కుళ్లదు కదా, అంత తొందర దేనికి అని బావని అడిగాను. మారడోనా సంగతి చెప్పాను. 1986లో ఇంగ్లండ్ మీద చేత్తో గోల్ వేసిన రోజు ఆయన తొడుక్కున్న చొక్కాని మ్యాచ్ అయ్యాక స్టీవ్ హాడ్జ్ అనే ఇంగ్లండ్ ఆటగాడు తన చొక్కా ఇచ్చి మార్చుకున్నాడు. 36 ఏళ్లు ఉంచుకుని 2022లో వేలానికి పెడితే 71 లక్షల పౌండ్లు వచ్చాయి.

"36 ఏళ్లు ఊరికే ఉంచాడా?"

"కొన్నేళ్లు మ్యూజియంలో పెట్టాడంట బావా."

"అద్దె రాసుకున్నాడా?"

2020లో ఆస్ట్రేలియా కార్చిచ్చు బాధితుల కోసం షేన్ వార్న్ తన టోపీ వేలం వేస్తే 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. కొన్న బ్యాంకు దాన్ని ఊరూరా తిప్పి చూపించి బ్రాడ్‌మన్ మ్యూజియానికి పంపింది. ఈ మాటకి బావ చాలాసేపు మాట్లాడలేదు. "బ్యాంకోళ్లకే డబ్బు విలువ తెలీకపోతే ఎలారా" అన్నాడు చివరికి, నిజంగా బాధపడుతూ.

అయినా ఆయన తొందరలో న్యాయం ఉందని తర్వాత తెలిసింది. బ్యాటు నిలవ ఉంటుంది గానీ పేరు ఉండదు. పులసకైతే ఐసు వేస్తాం, ఫామ్ పోయిన బ్యాట్స్‌మన్‌కి ఏం వేస్తాం? ధనుర్మాసంలో ఆ కుర్రాణ్ని జట్టులోంచి తీసేశారు. లక్ష అన్న బ్యాటు 60కి దిగింది, తర్వాత 30కి. భోగి నాటికి అడిగేవాడే లేడు. ఒకడు మాత్రం ఫోన్ చేసి, సంతకం గీకేస్తే పిల్లలు ఆడుకోడానికి పనికొస్తుందా అన్నాడు.

కనుమ రోజు పక్క చెరువు ఆయన కోజతో వచ్చాడు. మనవడికి బ్యాటు కావాలన్నాడు. సరుకుకి సరుకు, బేరం రెండు నిమిషాల్లో తెగింది.

మధ్యాహ్నం మమ్మల్నీ పిలిచారు. మా అక్క కొసరి కొసరి వడ్డిస్తూ బావ పళ్లెంలో ఒక ముక్క వేసి అంది:

"ఇది నాలుగు వేలండి. నమిలి తినండి."