సవరణ: వర్డ్ ఫైల్, గూగుల్ డాక్స్

వర్డ్‌లో చేసిన ఫైల్‌ని గూగుల్ డాక్స్‌లో దిద్దాలంటే ముందు దాన్ని డాక్స్ ఫార్మాట్‌లోకి మార్చుకోవాల్సిందేనని మొన్న రాశాను కదా, అది తప్పు, ఎప్పుడో పాత పద్ధతి గుర్తుపెట్టుకుని రాసేశాను. గూగుల్ సహాయ పేజీల ప్రకారం డీఓసీఎక్స్ ఫైల్‌ని, అంటే వర్డ్‌లో సేవ్ చేసిన ఫైల్‌ని, గూగుల్ డ్రైవ్‌లో తెరిచి అలాగే దిద్దుకోవచ్చు, 2019 నుంచే ఈ వీలుంది. ఫైల్ పేరు పక్కన చిన్నగా ‘.డీఓసీఎక్స్’ అని కనిపిస్తుంటే మీరు అసలు ఫైల్‌లోనే పనిచేస్తున్నట్టు, మార్పులు అందులోనే సేవ్ అవుతాయి.

ఫైల్ మెనూలో ‘సేవ్ యాజ్ గూగుల్ డాక్స్’ నొక్కితే మాత్రం వేరే కాపీ తయారవుతుంది, పాతది అలాగే ఉంటుంది. ఆఫీసుల్లో గొడవంతా ఇక్కడే, ఒకరు పాత ఫైల్‌లో దిద్దుతారు, ఇంకొకరు కొత్త కాపీలో.

ఇంకోటి, అమీర్‌పేట డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పెళ్లిపత్రిక డాక్స్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులొస్తున్నాయని ఒకరు అడిగారు. దానికి ఫార్మాట్ మార్చినా లాభం లేదండీ, ఆ అక్షరాలు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా, ఫోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చుకుని, ఒత్తులు ఒకసారి సరిచూసుకుని, అప్పుడు పేస్ట్ చేయండి.