ఒక్క రేటు చెప్పండి సార్: విహార నౌకా సంస్థ వారికి ఓరుగల్లు లేఖ

మహారాజశ్రీ విహార నౌకా సంస్థ వారి సముఖమునకు,

హనుమకొండ నుంచి మీ మాజీ ప్రయాణికుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, మా క్రెడిట్ కార్డు తప్ప. మీరు అక్కడ క్షేమమేనని ఆ కార్డు స్టేట్‌మెంట్ చూస్తేనే తెలుస్తోంది.

సూట్‌కేసులు సజ్జ మీదికి ఎక్కించి, ఇక సముద్రం మన జోలికి రాదులే అనుకుంటుండగా నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. మీ ఓడ పేరు మీద కార్డులో ఇంకో కోత. ఏమిటా అని మెయిల్ తెరిస్తే, గదిలో అద్దం ముందు పెట్టిన నీళ్ల సీసా ఖరీదట. ఆ సీసా మూత మేము తియ్యనే లేదు. మా చిన్నోడు దాన్ని నేల మీద నిలబెట్టి బంతితో కొట్టుకుంటూ ఆడుకున్నాడు, అంతే. ఆ మెయిల్ కిందే మీదే ఇంకో మెయిల్: ప్రయాణం ఎలా సాగింది, మేము ఏమేం మెరుగుపరచుకోవాలి, దయచేసి నాలుగు ముక్కలు రాయండి అని. రాద్దామని కూర్చుంటే మీరిచ్చిన డబ్బాలో నాలుగు ముక్కల కంటే ఎక్కువ పట్టలేదు. అందుకే ఈ లేఖ.

మంచి మాట ముందు చెప్పుకుందాం. ఓడ ఎక్కగానే అందరినీ ఒకచోట చేర్చి, ప్రమాదం జరిగితే ఎటు పోవాలో, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూపించారు. చాలామంది విసుక్కున్నారు. నేను మాత్రం విసుక్కోలేదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఓడ రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అంతకు కొన్ని గంటల ముందు ఎక్కిన వందలాది మందికి ఆ డ్రిల్ ఇంకా జరగనే లేదు. ఆ తర్వాతే, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో డ్రిల్ చేయించి తీరాలని అంతర్జాతీయ నియమం మారింది. మీరు పద్ధతిగా చేయించారు. పదికి పది. మొత్తం ప్రయాణంలో అదనపు చార్జీ లేకుండా మాకు దక్కింది కూడా అదొక్కటే కాబట్టి ఇంకో మార్కు కలుపుకోండి.

ఇక గది. బాల్కనీ గది ధర విని మా ఇంటామె కళ్లు తిరిగి లోపలి గది చాలంది. సరే, కిటికీ ఉండదని తెలిసే తీసుకున్నాం. కానీ మంచం పక్కన గోడకు అందమైన కర్టెన్ ఎందుకు వేలాడదీశారు స్వామీ? మా అమ్మ పొద్దున్నే లేచి సముద్రం చూద్దామని దాన్ని పక్కకు జరిపింది. గోడ. ఇంకో చివర నుంచి జరిపింది. అక్కడా గోడే. "ఏందిరా ఇది, గోడకు కూడా సిగ్గేనా?" అంది.

చిల్లర ఫిర్యాదులు ఒక్క ఊపులో చెప్పేస్తాను. లిఫ్టు కోసం నిలబడే సమయంలో రామప్ప చెరువు చుట్టూ తిరిగి రావచ్చు. వైఫై ప్యాకేజీ ఫోనుకొకటి కొనాలట. కొన్నా వాట్సాప్‌లో ఒక ఫోటో పోయేసరికి ఓడ ఇంకో దేశం చేరింది. డైనింగ్ హాల్లో మా బాపు వాళ్లకు ముందు బంతి, మాకు రెండో బంతి రాశారు. ఫ్యామిలీ క్రూయిజ్ అని పెద్దక్షరాలతో అచ్చేసి, కుటుంబాన్ని రెండు పూటలుగా కోశారు. నిచ్చెన ఎక్కుతుంటే సముద్రపు దొంగ వేషం వేసినవాడొకడు ఉత్తుత్తి కత్తితో మా అమ్మ మీదికొచ్చాడు. ఆమె భయపడి అరుస్తుండగా ఫోటో తీసి, మర్నాడు గ్యాలరీలో అమ్మకానికి పెట్టారు. కొనకపోతే మా అమ్మ నోరు తెరిచిన ఫోటో ఊరందరి ముందూ వేలాడుతుంది, కొంటే జేబు ఖాళీ. దీన్ని మా దగ్గర ఏమంటారో తెలుసు గానీ పెద్దలకు రాసే లేఖలో రాయకూడదు.

ఈత కొలను దగ్గర పడక కుర్చీల గురించి మాత్రం ఫిర్యాదు లేదు. తెల్లారకముందే వచ్చి ఒక తువ్వాలు, ఒక పుస్తకం పెట్టేసి కుర్చీ ఆపుకుని, మధ్యాహ్నం దాకా పత్తా లేకుండా పోయే దొరలను చూసి నాకు ఊరు గుర్తొచ్చింది. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపడం మా హనుమకొండ బస్టాండులో చిన్నప్పుడే నేర్పుతారు. అయితే దస్తీ వేసినోడు కనీసం బస్సు ఎక్కుతాడు.

సరే, అసలు సంగతికి వస్తాను.

చౌరస్తా దగ్గర మీ ఏజెంటు తమ్ముడు టీ తాగించి మరీ చెప్పాడు: "అన్నా, గది, తిండి, షోలు అన్నీ అండ్లనే. పిల్లలు ఫ్రీ. నువ్వు ఉత్త చేతులతో పోయి రా." మేము ఆ మాట నమ్మి శంషాబాద్ దాకా కారు, అక్కడి నుంచి సింగపూర్ దాకా విమానం పట్టుకుని పోయాం. (మా ఊరి పక్క మామునూరు విమానాశ్రయం గురించి ఇంకో లేఖ ఉంది, అది మీకు కాదు.) ఓడ దగ్గర మా కార్డు గీకి, ఖర్చుల కోసమని కొంత సొమ్ము ముందే ఆపేసి, తలా ఒక ప్లాస్టిక్ కార్డు చేతిలో పెట్టారు. గది తాళం అదే, పర్సూ అదే. ఓడలో ఎక్కడా నోటు కనపడదు. పర్సు తీసి లెక్కపెడితే మనిషికి కొంచెం బాధ కలుగుతుంది. ఆ బాధ కలగకుండా చూసుకోవడంలో మీ తెలివికి జోహార్లు.

పిల్లలు ఫ్రీ అన్న మాట నిజమే. పిల్లల టికెట్ ఫ్రీ. పిల్లల పోర్టు చార్జీ ఫ్రీ కాదు, పిల్లల పన్ను ఫ్రీ కాదు, పిల్లల పేరు మీద రాత్రికింత సర్వీస్ చార్జీ ఫ్రీ కాదు. అంటే పిల్లాడు ఫ్రీ, వాడు ఓడలో ఉండటానికి మాత్రం పైసలు.

మందు ప్యాకేజీ సంగతి ఇంకా గమ్మత్తు. మా బాపుకు సాయంత్రం పూట ఒక పెగ్గు అలవాటు. విడిగా కొంటే మోత మోగుతుంది, ప్యాకేజీ తీసుకోండి, ఎంతైనా తాగొచ్చు అన్నారు మీ కౌంటర్లో. సరేనంటే, ఒక గదిలో పెద్దవాళ్లలో ఒకరు తీసుకుంటే రెండోవాళ్లు కూడా తీసుకోవాల్సిందేనట. ఆ రెండో మనిషి మా అమ్మ. ఆమె పుట్టి బుద్ధెరిగి కల్లు కూడా ముట్టలేదు. ఒకరు కొని ఇద్దరు తాగుతారని మీ అనుమానం. డబ్బు కట్టక తప్పలేదు. ఇక మా అమ్మ ఆ డబ్బు రాబట్టాలని పంతం పట్టింది. పొద్దున నారింజ రసం, పదింటికి అనాస రసం, మధ్యాహ్నం గొడుగు గుచ్చిన రంగు నీళ్లు. షుగర్ ఉంది, వద్దమ్మా అంటే, "పైసలు కట్టినం గదరా, ఊకె ఇడిసిపెడ్తమా?" అంటుంది. ఇంటికొచ్చాక రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరు నా వైపు చూసిన చూపు మీకు పంపే వీలుంటే పంపేవాణ్ని.

చివరి రాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టమన్నారు. పెట్టాం. తెల్లవారుజామున తలుపు కింద నుంచి కవరు జారింది. పిన్ను కొట్టిన కాగితాలు, అంతా డాలర్లలో. వరుసగా మా అందరి పేర్లు, ప్రతి పేరు కింద రాత్రి రాత్రికీ సర్వీస్ చార్జీ, తాగిన ప్రతి కాఫీ మీద మళ్లీ సర్వీస్ చార్జీ. మా చిన్నోడు కళ్లు నులుముకుంటూ వచ్చి, "డాడీ, నా పేరు కూడా ఉంది!" అని ఎగిరి గంతేశాడు. అచ్చులో పేరు చూసుకోవడం వాడికి అదే మొదటిసారి.

కింద రిసెప్షన్ దగ్గర పెద్ద లైను. అందరి చేతుల్లో అవే కాగితాలు. నా ముందు నిలబడ్డ పెద్దమనిషి ప్యాంట్లన్నీ సూట్‌కేసులో సర్దేసి పంపేసుకున్నాడు కాబోలు, చిలకల బొమ్మల నిక్కరుతో గంభీరంగా లెక్కలు అడుగుతున్నాడు. నా వంతు వచ్చాక నాలుగేళ్ల పిల్లాడికి సర్వీస్ ఏమిటమ్మా అని అడిగాను. కౌంటర్లో అమ్మాయి నవ్వు చెదరకుండా, "అది మా సిబ్బంది కోసం సార్. వద్దంటే తీసేస్తాం. ఈ ఫారం మీద ఎవరి సేవలో ఏం లోపమో రాసి సంతకం పెట్టండి" అంది.

ఎవరి సేవలో లోపం? మా గది ఊడ్చిన ఇండోనేషియా అబ్బాయిదా? రోజూ తువ్వాళ్లతో ఏనుగు, కోతి, హంస చేసి మంచం మీద కూర్చోబెట్టి మా చిన్నోణ్ని నవ్వించినవాడు. ఇంట్లో తనకూ అంత కొడుకు ఉన్నాడని ఫోన్లో ఫోటో చూపించాడు. నెలల తరబడి వారం సెలవు లేకుండా పనిచేస్తాడట. అంతర్జాతీయ కార్మిక నియమం ప్రకారం ఓడ మీద మనిషికి ఏ రోజైనా కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే ఒక్కోరోజు 14 గంటల దాకా మీవే. ఆ అబ్బాయికి జీతం ఇవ్వాల్సింది ఎవరు? మీరు. కంపెనీ ఆఫీసు ఒక దేశంలో పెట్టుకుని, ఓడ మీద బహమాస్ జెండానో పనామా జెండానో ఎగరేసుకుని, ఆ ఆఫీసున్న దేశపు జీతాల చట్టం తగలకుండా తప్పించుకుంటారు. ఆ మిగిలించుకున్నదాన్ని టికెట్లో తగ్గించి చూపిస్తారు. ఆ లోటును టిప్పు పేరుతో మా నెత్తిన రుద్దుతారు. ఎందుకని అడిగితే, ఆ పిల్లాడి కడుపు కొట్టడానికి సంతకం పెట్టమని ఫారం మా ముందుకు తోస్తారు. జీతం ఎగ్గొట్టేది మీరు, పాపం మోసేది మేమా? ఇంత సిగ్గుమాలిన లెక్క నేనెక్కడా చూడలేదు.

సంతకం పెట్టలేదు. మొత్తం కట్టాను. ఆ అబ్బాయి చేతిలో విడిగా ఇంకొంత పెట్టాను. మీ ధైర్యం కూడా అదే కదా.

మీకొక పాత సంగతి చెప్పాలి. మాది సముద్రం లేని ఊరే. అయినా ఓడలవాళ్లతో వ్యవహారం ఎలా నడపాలో మా ఊరికి చాలాకాలం కిందటే తెలుసు. ఓరుగల్లును ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో తీరాన ఉన్న మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అభయ శాసనం అంటారు. అంతకు ముందటి రాజులు, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవారట. గణపతిదేవుడు అది మాన్పించాడు. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోనని మాట ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. ఏ సరుకు మీద ఎంతో కూడా అందులోనే చెక్కించాడు, ఎవరైనా చదువుకోవచ్చు. చుక్క గుర్తు పెట్టి కింద చీమ తలకాయంత అక్షరాలతో 'షరతులు వర్తిస్తాయి' అని చెక్కించలేదు. రాతి మీద చెక్కాలంటే అంత చిన్న అక్షరాలు కుదరవు, అదొక అదృష్టం.

ఆ పాత రాజులు కూడా ఓడ మునిగాకే దోచుకున్నారు. తేలుతున్న ఓడలో కూర్చోబెట్టి, భోజనం పెట్టి, పాటలు వినిపిస్తూ దోచుకునే విద్య వాళ్లకు తెలియదు పాపం.

మెరుగుపరచుకోవాల్సింది ఏమిటని అడిగారు కాబట్టి చెబుతున్నాను. ప్రకటనలో ఒకే అంకె వేయండి. పోర్టు చార్జీ, పన్ను, సర్వీస్, పిల్లాడి సర్వీస్, పిల్లాడి బంతి తగిలిన సీసా, అన్నీ కలిపి. అది ఎక్కువగా కనపడితే కనపడనివ్వండి. మేము బేరం తెలిసినవాళ్లమే, కుదిరితే వస్తాం, లేదంటే లక్నవరం చెరువులో బోటెక్కి వేలాడే వంతెన చూసుకుని ఇంటికి పోతాం. తాగని మనిషికి మందు అంటగట్టకండి. మీ పనివాళ్లకు మీరే జీతం ఇవ్వండి. ఆపైన మనసు పడితే మేమిచ్చేది మా ఇష్టం. ఒక టికెట్ మీద వచ్చిన కుటుంబాన్ని ఒకే బంతిలో కూర్చోబెట్టండి. ఆ గోడకు కర్టెన్ తీసేయండి, లేకపోతే దాని వెనక కనీసం ఒక క్యాలెండరైనా తగిలించండి.

ఇంత రాశాక ఇంకొకటి కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. పాకాల, రామప్ప చూసి పెరిగిన మనిషి మా అమ్మ. నీళ్లంటే ఆమెకు కట్ట ఉండాలి, తూము ఉండాలి, కట్ట మీద నిలబడితే అవతల గుట్టలు కనపడాలి. మీ ఓడ పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నాలుగు దిక్కులా తిరిగి చూసి, "దీనికి అవుతలి ఒడ్డే లేదేందిరా?" అని చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. బాపు కూడా పక్కకొచ్చి నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ పనేమీ లేకుండా ఒకచోట నిలబడటం నేను చూడలేదు. అది మీ బిల్లులో ఎక్కడా లేదు. దానికి చార్జీ వేయడం మర్చిపోయారేమో, గుర్తు చేస్తున్నానని మళ్లీ కార్డు గీకకండి.

ఇప్పుడు నా ఇబ్బందేమిటంటే, రక్తపరీక్ష రిపోర్టు పక్కన పెట్టేసి మా అమ్మ మళ్లా ఎప్పుడు పోదామని రోజూ అడుగుతోంది. ఈసారి చెల్లెలు వాళ్లను కూడా తీసుకుపోదామంటోంది. పెద్దలు ఆరుగురు, పిల్లలు ముగ్గురు, మందు ముట్టనివాళ్లే ఎక్కువ. ఎంతవుతుందో రాసి పంపగలరు. మొత్తం ఎంతో.

ఇట్లు,
మీ ఫ్రీ పిల్లాడి తండ్రి,
హనుమకొండ